సొంత చోటు దొరికిన కళాకేంద్రం ఎవరికి, ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. 22 ఏళ్ళుగా పిల్లలకి పాట, డాన్సు, నాటకం నేర్పుతున్న సంస్థ మీది. ఇన్నాళ్ళూ కల్యాణ మండపం మెట్ల కింద, స్కూలు వరండాలో, ఎవరిదో మేడమీద రేకుల షెడ్డులో నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఒక పెద్దాయన 300 గజాల్లో ఉన్న తన పాత పెంకుటిల్లు ఇస్తే చందాలు పోగేసి బాగుచేయించి, వెనక చిన్న హాలు కట్టుకున్నారు, వచ్చే నెల ప్రారంభం. ఇంతమందికి థాంక్స్ ఎలా చెప్పాలి, ఎవరి పేరు రాయాలి, ఎవర్ని మర్చిపోతే బాధపడతారు, శాలువా కప్పి మెమెంటో ఇస్తే సరిపోతుందా అని అడిగారు.

ముందు మనసారా అభినందనలు. ఆ తాళంచెవి మొదటిసారి చేతిలో పడ్డప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌన్‌లో నాటక సమాజానికి 31 ఏళ్ళు సెక్రటరీగా చేశాను, అందులో 19 ఏళ్ళు మాకు ఇల్లు లేదు.

సూటిగా జవాబు చెప్తాను. మొదటి థాంక్స్ ఇల్లు ఇచ్చినవాళ్ళకి కాదు, ఇల్లు లేని రోజుల్లో చోటిచ్చినవాళ్ళకి చెప్పండి. ఇల్లిచ్చిన పెద్దాయనకి చెప్పాల్సింది వేదిక మీద పది నిమిషాల్లో అయ్యేది కాదు, అది కాగితాలు సరిగ్గా రాయించుకోవడంతో మొదలై ఆ హాల్లో రోజూ సాయంత్రం లైటు వెలుగుతున్నన్నాళ్ళూ చెబుతూనే ఉండాలి. శాలువాలు కప్పండి, అందులో తప్పేం లేదు, కానీ మీ బెంగంతా శాలువాల మీద పెట్టుకోకండి.

ఎందుకంటున్నానో చెప్పాలంటే మా హార్మనీ పెట్టె సంగతి చెప్పాలి. మాకు చోటు లేని రోజుల్లో పరదాలు ఒకరింట్లో, గదలూ కిరీటాలూ ఇంకొకరి అటక మీద ఉండేవి. హార్మనీ మాత్రం సెంటర్లో కిరాణా కొట్టు మామ్మ దగ్గర ఉండేది, 11 ఏళ్ళు. బియ్యం బస్తాల మీద పెడితే ఎలకలు కొడతాయని లోపల బల్ల వేయించి దానిమీద పెట్టింది, పాత నేతచీర రెండు మడతలు చుట్టి, వానాకాలం వస్తే చెమ్మకి రీడ్లు పట్టేస్తాయని మూలల్లో కర్పూరం బిళ్ళలు పెట్టేది. ఆవిడకి పద్యం రాదు, రాగం తెలీదు. రాత్రి తొమ్మిదింటికి కొట్టు కట్టేసే టైముకి మేం రిహార్సల్‌కి పెట్టె తీసుకోడానికి వెళ్ళేవాళ్ళం, అప్పుడప్పుడూ పదయ్యేది, అప్పటిదాకా ఒక్క షట్టరు సగానికి ఎత్తి పెట్టుకుని కూర్చునేది. పరిషత్తు నాటక పోటీల్లో మాకు బహుమతి వచ్చిందంటే ఆ సగం ఎత్తిన షట్టరు పుణ్యం కూడా అందులో ఉంది.

సొంత హాలు ప్రారంభం రోజున 600 కార్డులు వేయించాం. ఎమ్మెల్యే గారికి, కౌన్సిలర్లకి, చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ తిరిగి తిరిగి ఇచ్చాం. మామ్మకి ఇవ్వలేదు. కావాలని కాదు, ఆవిడ మన మనిషే కదా అనుకుని ఎవరికి వాళ్ళం ఇంకొకళ్ళు ఇచ్చుంటారులే అనుకున్నాం. సభ చివర్లో నేను వందన సమర్పణకి లేచాను, చేతిలో 43 పేర్ల కాగితం, సగం చదివి తలెత్తితే ఆఖరి వరసలో గుమ్మం పక్కన ఆవిడ కనిపించింది, ఎవరూ పిలవకపోయినా ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. నా కాగితంలో ఆవిడ పేరు లేదు. గొంతు ఆగిపోయింది, ఏదో చెప్పి దిగేశాను. మూడు రోజుల తర్వాత ధైర్యం చేసి కొట్టుకి వెళ్తే ఆవిడ అడిగింది ఒక్కటే, "హార్మనీ ఎక్కడ పెట్టారు అబ్బాయ్? కొత్త గోడ కదా, ఆనించి పెట్టకండి, చెమ్మ లాగేస్తది."

ఆ మరుసటి ఏడు వార్షికోత్సవానికి దీపం ఆవిడ చేత పెట్టించాం. అయినా ఆ మొదటి రోజు మళ్ళీ రాదు కదండీ. అందుకే మీకు ప్రారంభానికి ముందే చెప్తున్నా.

ఇలాంటివాళ్ళని ఎలా గుర్తుపట్టాలంటే, పాత క్యాష్‌బుక్కులు తీయండి. అందరూ జమ వైపు చూస్తారు, అక్కడ డబ్బిచ్చినవాళ్ళు మాత్రమే కనపడతారు. మీరు ఖర్చు వైపు చూడండి, రాయాల్సి ఉండీ రాయని ఖర్చులు ఏంటో వెతకండి. వార్షికోత్సవం చేశారు, కుర్చీల అద్దె రాసి లేదు, అంటే టెంట్ హౌస్ ఆయన ఊరికే పంపాడన్నమాట. మైకు బిల్లు సగమే ఉంది, అంటే మైక్‌సెట్టు అతను మిగతాది వదిలేశాడు. స్కూలు వరండాకి కరెంటు డబ్బు కట్టిన లెక్క లేదు, అంటే హెడ్మాస్టరు ఎవరో తన మీద వేసుకున్నాడు, వాచ్‌మన్ ఎవరో రాత్రి పదిన్నరకి మీకోసం గేటు తీశాడు. మేకప్ సామాను, అర్దళం, సఫేదా కొన్న బిల్లే లేని సంవత్సరాలుంటాయి, మేకప్ ఆయన తన పెట్టెలోంచి పెట్టుకున్నాడు. పాత విద్యార్థుల్ని నలుగుర్ని కూర్చోబెట్టి ఆ పుస్తకాలు ముందు పెడితే ఒక్క సాయంత్రంలో లిస్టు వస్తుంది. మాకు రెండోసారి చేసినప్పుడు 70 మంది తేలారు.

విజయనగరం సంగీత కళాశాల సంగతి తెలిసే ఉంటుంది. 1919లో విజయరామ గజపతి గారు పెట్టారు, ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుకు అంధుడైతే ఆ పిల్లాడికి సంగీతం నేర్పించడం కోసం మొదలైందని చెబుతారు. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ పాఠం చెప్పారు. అంత గొప్ప చోటు, రాజుగారి అండ, అయినా ఘంటసాల గారు అక్కడ చదువుకున్నప్పుడు కడుపు నిండడానికి జోలె పట్టుకుని మధూకరం చేశారు. గోడలు రాజుగారివైతే అన్నం ఆ వీధుల్లో ఇల్లాళ్ళది. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా ఉండవు. మీ కేంద్రానికి అలా అన్నం పెట్టినవాళ్ళు ఇంకా మీ వీధిలోనే తిరుగుతున్నారు, వాళ్ళ పేర్లు మీకు తెలుసు. ఇంతకన్నా అదృష్టం ఏం కావాలి.

ఇక సభ సంగతి. మన సభల్లో వందన సమర్పణ అనేది ఆఖరున పెడతారు. అప్పటికి ముఖ్య అతిథి వెళ్ళిపోతాడు, జనం చెప్పులు వెతుక్కుంటుంటారు, వెనక కుర్చీలు మడతపెట్టే చప్పుడు, ఆ చప్పుడులో పేర్లు చదువుతాం. ఈ ఒక్కసారికి దాన్ని మొదట పెట్టండి. ప్రార్థన అవ్వగానే, అతిథుల్ని వేదిక మీదకి పిలవకముందే, మీ విద్యార్థులు ఒక్కొక్కరు లేచి ఒక్కొక్కరి గురించి రెండు వాక్యాలు చెప్పాలి. పెద్దవాళ్ళు చెప్తే ఉపన్యాసం అయిపోతుంది. "ఈ అంకుల్ మేడమీద నేను మొదటిసారి గజ్జె కట్టాను, కింద వాళ్ళ పాపకి పరీక్షలున్నా మమ్మల్ని ఆపమనలేదు" అని పదేళ్ళ పిల్ల చెప్తే ఆయనకి ఏ శాలువా దానికి సాటి వస్తుంది? అతిథి అరగంట ఆగాల్సి వస్తుందని భయపడకండి, ఆయనకి ముందే ఫోన్ చేసి చెప్పండి, మా ఊళ్ళో అడిగినప్పుడు ఏ పెద్దమనిషీ కాదనలేదు.

కట్టిన మనుషుల్ని వదిలేయకండి. గృహప్రవేశానికి తాపీ మేస్త్రికి బట్టలు పెట్టే ఆచారం మన ఇళ్ళల్లో ఉన్నదే కదా, సంస్థల భవనాలకి వచ్చేసరికి ఎందుకో మర్చిపోతాం, కాంట్రాక్టరుతో లెక్క తేలితే అయిపోయింది అనుకుంటాం. మేస్త్రికి, వడ్రంగికి, సెంట్రింగ్ వాళ్ళకి, ఇటుకలు మోసిన ఆడవాళ్ళకి చీరలు, పంచలు పెట్టండి. మొదటి ప్రోగ్రాంకి వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి. మా హాలు స్టేజీ చెక్క బిగించిన వడ్రంగి ఆ రోజు పిల్లలు అడుగు వేస్తున్నంతసేపూ వాళ్ళ మొహాలు చూడలేదు, కాళ్ళ కిందే చూశాడు, ఎక్కడన్నా కిర్రుమంటుందేమోనని. మర్నాడు పిలవకుండానే వచ్చి రెండు పలకలు విప్పి మళ్ళీ బిగించాడు.

పేర్ల విషయం కొంచెం కష్టం. శిలాఫలకం మీద ఎవరిది పైన, ఎవరిది కింద, ఎంతిస్తే ఎంత అక్షరం, ఈ గొడవలో మంచి సంస్థలు చీలిపోవడం చూశాను. నేను చేసిందీ, ఇప్పటికీ చెప్పేదీ ఏంటంటే పేర్లన్నీ ఒకే సైజు అక్షరాల్లో, అకారాది క్రమంలో, మొత్తాలు వేయకుండా రాయించండి. 500 ఇచ్చిన రిటైర్డ్ టీచరూ, 5 లక్షలిచ్చిన మిల్లు ఓనరూ పక్కపక్కన ఉంటారు. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ళకి ఈ సంగతి డబ్బు తీసుకోకముందే చెప్పండి, తీసుకున్నాక చెప్తే మోసం చేసినట్టు ఉంటుంది. మాకు ఒకరు అలా వెనక్కి తగ్గారు, బాధేసింది గానీ మిగతావాళ్ళు ఎవరూ కదల్లేదు. కింద కొంత రాయి ఖాళీగా వదలండి, రేపు ఇచ్చేవాళ్ళకి.

హాలుకి ఎవరి పేరు అనేది ఇల్లిచ్చిన ఆయన్నే అడగండి, మీరే ఊహించుకుని ఆయన పేరు చెక్కించేయకండి. మాకు స్థలం ఇచ్చిన కుటుంబాన్ని అడిగితే వాళ్ళు తండ్రి పేరు చెప్తారనుకున్నాం, నలభై ఏళ్ళు ఆ ఇంట్లో వంట చేసి అక్కడే పోయిన ఒక పిన్నమ్మ గారి పేరు చెప్పారు. అడక్కపోయుంటే మాకెలా తెలిసేది?

పేరు పెట్టుకోవడంలోనే కృతజ్ఞత ఎంత ఉంటుందో సురభి నాటక సమాజం వాళ్ళని చూస్తే తెలుస్తుంది. తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో ఒక పెళ్ళికి కీచకవధ నాటకం ఆడారు, అదే మొదలు. ఆ తర్వాత గుడారాలతో, పిల్లాపాపలతో ఊరూరూ తిరిగారు, హైదరాబాద్ శేరిలింగంపల్లిలో సురభి కాలనీ వచ్చింది చాలా కాలం తర్వాత. ఇన్ని తరాలుగా ఎక్కడ గుడారం వేసినా పైన ఉన్న పేరు మాత్రం మొదటిసారి వేషం కట్టి నిలబడనిచ్చిన ఆ పల్లెటూరిదే. మీ కొత్త హాల్లో ఒక గదికి మీరు పాఠాలు మొదలుపెట్టిన ఆ వీధి పేరు పెట్టండి, ఖర్చులేని పని.

ఇప్పుడు కాగితాలు. ఇది థాంక్స్ గురించిన ప్రశ్న కదా, రిజిస్ట్రేషన్ ఎందుకు అనుకోవద్దు. దాత కోరిక నిలబడేది కాగితం మీదే. మాకు సొంత హాలు రాకముందు ఒక పెద్దమనిషి తన గోడౌన్ "మీదే అనుకోండి" అని నోటిమాటగా ఇచ్చారు, ఆరేళ్ళు అందులో ఉన్నాం, సున్నం వేయించాం, స్టేజీ కట్టాం. ఆయన పోయాక ఏడాది తిరక్కుండా వారసులు ఖాళీ చేయమన్నారు. వాళ్ళదీ తప్పనలేను, వాళ్ళకి అప్పులున్నాయి, మా చేతిలో చీటీముక్క లేదు. ఆ పెద్దాయన మనసులో అనుకున్నది మాత్రం ఆయనతోపాటే పోయింది, దాన్ని నిలబెట్టలేకపోయామే అని నాకు ఇప్పటికీ ఉంటుంది.

కాబట్టి దానపత్రం, అంటే గిఫ్ట్ డీడ్, రిజిస్టర్ అయ్యిందా లేదా చూసుకోండి. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దాత సంతకం, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి, దాత బతికుండగానే మీరు స్వీకరించినట్టు ఉండాలి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం చెప్పేది ఇదే. పత్రం సంస్థ పేరు మీద ఉండాలి, ప్రెసిడెంటు సొంత పేరు మీద కాదు, ఎంత మంచివాళ్ళయినా సరే. మీ సంస్థ 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటే ఏటా కమిటీ లిస్టు దాఖలు చేస్తున్నారో లేదో చూడండి, చాలామంది మొదటి ఏడు చేసి వదిలేస్తారు. ఈ ఇల్లు కళలు నేర్పడానికి, ప్రదర్శించడానికి మాత్రమే వాడాలి, రేపు సంస్థ మూతపడినా ఇలాంటి పనే చేసే ఇంకో సంస్థకి వెళ్ళాలి అని బైలాలో, అంటే సంస్థ నియమావళిలో, రాయించండి. ఇంటిపన్ను, కరెంటు మీటరు పేరు మార్పించండి. ఆ పెద్దాయన పిల్లలందర్నీ రిజిస్ట్రేషన్ రోజున పిలిచి, వాళ్ళకి వేరుగా భోజనం పెట్టి, వాళ్ళకీ థాంక్స్ చెప్పండి. వాళ్ళకి రావాల్సిన ఆస్తే కదా మీకొచ్చింది.

చందాలిచ్చినవాళ్ళ దగ్గర పన్ను మినహాయింపు గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. మనం 80జి అని పిలిచే మినహాయింపు మీ సంస్థకి ఆ అనుమతి ఉంటేనే వస్తుంది, 2,000 దాటి నగదుగా ఇస్తే రాదు, సిమెంటుగా ఇచ్చినా, స్థలంగా ఇచ్చినా రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకీ రాదు. ఇంకోటి, అమెరికాలో ఉన్న మీ పాత విద్యార్థులు ప్రేమగా పంపుతామంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే మాత్రం విదేశీ విరాళం కిందకి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ఒకసారి ఆడిటరుతో కూర్చోండి. ప్రేమతో ఇచ్చినవాళ్ళకి తర్వాత నోటీసు వస్తే మనం వాళ్ళకి ఏ మొహంతో కనిపిస్తాం.

కృతజ్ఞత అంటే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు. త్యాగరాజస్వామి సమాధి తిరువయ్యారులో పాడుబడి ఉందని తెలిసి 1921లో పని మొదలుపెట్టించి, గుడి కట్టించి ప్రతిష్ఠ చేయించింది, సొంత సంపాదనతో, నగలు కూడా అమ్ముకుని. తీరా ఏటా అక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆవిడ కట్టించిన గుడి దగ్గర ఆవిడే పాడకూడదట! ఆవిడ విడిచిపెట్టలేదు, ఆడవాళ్ళని కూడగట్టి వేరుగా ఆరాధన జరిపింది, చివరికి అందరూ కలిసి పాడే రోజు వచ్చింది. 1952లో పోయాక ఆవిడ సమాధి కూడా అక్కడే, స్వామి సన్నిధికి దగ్గర్లో కట్టారు. ఆవిడ థాంక్స్ చెప్పింది 70 ఏళ్ళకి పైగా ముందు వెళ్ళిపోయిన మనిషికి, ఆయన పాట ఆవిడ బతుకులో చేసినదానికి. మీ కేంద్రం మొదలుపెట్టిన గురువుగారు ఇప్పుడు లేరని రాశారు కదా, హాలు ప్రారంభం రోజున మొదటి పాట ఆయన నేర్పినదే అవ్వనివ్వండి. మీ గుమ్మం దాటడానికి ఎవరినీ, ఆడా మగా, కులం, ఫీజు కట్టగలిగారా లేదా అని చూసి ఆపకుండా ఉండండి. ఈ మాట కూడా బైలాలో రాసుకోండి.

చివరిగా ఒకటి, దీనికి డబ్బు అక్కర్లేదు గానీ ఓపిక కావాలి. సొంత హాలు రాగానే మనం బయటికి వెళ్ళడం మానేస్తాం. మేమూ అదే చేశాం, మూడేళ్ళు మా హాలు దాటి ఒక్క నాటకం బయట ఆడలేదు, పాత వీధుల్లో జనం "ఇప్పుడు మీరు పెద్దోళ్ళయిపోయారు" అనడం మొదలుపెట్టారు, ఆ మాట గుచ్చుకుంది. కర్ణాటక షిమోగా జిల్లాలో హెగ్గోడు అనే చిన్న పల్లెలో నీనాసం అని నాటక సంస్థ ఉంది, దాన్ని నడిపిన కె.వి. సుబ్బణ్ణ గారి పేరు విని ఉంటారు, 1949లో మొదలైంది. వాళ్ళకి సొంత రంగమందిరం ఉంది, 1980లో నాటక శిక్షణ సంస్థ పెట్టారు, అన్నీ అమరాక 1985లో తిరుగాట అని సంచార నాటక బృందం మొదలుపెట్టి రాష్ట్రమంతా ఊరూరూ ఆడటానికి బయల్దేరారు. ఇల్లుంది కాబట్టే ధైర్యంగా ఊళ్ళ మీదకి వెళ్ళారు. అది తెలిశాకే మేం ఏటా నాలుగు రాత్రులు పెట్టుకున్నాం, ఒకటి స్కూలు గ్రౌండులో, ఒకటి కల్యాణ మండపం ముందు, ఒకటి గోడౌన్ ఉన్న వీధిలో, ఒకటి మామ్మ కొట్టు ఉండే సెంటర్లో. టిక్కెట్ లేదు, చందా అడగం. గోడౌన్ ఖాళీ చేయించిన వారసుడు రెండో ఏడు నుంచి కరెంటు తనే ఇస్తున్నాడు.

మీ ప్రారంభోత్సవం కార్డులు ఇంకా అచ్చుకి వెళ్ళలేదన్నారు కాబట్టి ఈ వారం ఆ పాత క్యాష్‌బుక్కుల పని పెట్టుకోండి. ఆ మేడమీది షెడ్డు వాళ్ళకి, స్కూలు వాచ్‌మన్‌కి కార్డు వాట్సాప్‌లో పంపకండి, ఇద్దరు పిల్లల్ని వెంటపెట్టుకుని వెళ్ళి బొట్టుపెట్టి పిలవండి. వాచ్‌మన్ రిటైరై ఊరెళ్ళిపోయాడంటే ఆ ఊరు ఎంత దూరమో కనుక్కోండి, ఆ రోజుకి కారు పంపండి.